ఎర్తమ్మకి నీళ్లు

పలాస వెళ్లొచ్చానని తెలిసేసరికి మా వీధి వీధంతా అడిగిన ప్రశ్న ఒక్కటే: "జీడిపప్పు తెచ్చారా?" తెచ్చాను. తలా కాస్తా పంచాను కూడా. ఎందుకు వెళ్లావమ్మా అని మాత్రం ఒక్కరూ అడగలేదు. అడగనివాళ్లకి చెప్పడం నాకు అలవాటే, పాలిటెక్నిక్‌లో కరెంటు పాఠాలు చెబుతూ జన్మంతా చేసిన పని అదే. అందుకే ఇది రాస్తున్నాను.

మాది రాజమండ్రి. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక పాత కట్టడాల్లో కరెంటు పని చూసిపెట్టడం నా వ్యాపకం. పాతవంటే ఊరికే పాతవి కావు, ప్రభుత్వం రక్షిత కట్టడాలని జాబితాలో చేర్చినవి. వాటి గోడకి మేకు కొట్టాలన్నా అనుమతి కావాలి. లోపల చూస్తే తాతల కాలం వైర్లు, చెయ్యి వేస్తే పైన రబ్బరు పొడిపొడిగా రాలిపోతుంది. గోడ చెక్కకూడదు, వైర్లు మాత్రం కొత్తవి వెయ్యాలి. అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటే కుదరదంటారు గానీ, అది కుదర్చడమే నా పని.

ఈసారి పిలుపు భావనపాడు అవతల, సముద్రం ఒడ్డున ఒక మత్స్యకారుల పల్లె నుంచి. అక్కడ ఒకప్పుడు ఉప్పు అధికారి కోసం కట్టిన బంగళా ఉంది. ఇప్పుడు అందులో ఆరోగ్య ఉపకేంద్రం నడుస్తోంది. ఎండల ముందు అక్కడి ఫ్రిజ్ ముట్టుకున్న నర్సుకి షాక్ కొట్టింది. కరెంటువాళ్లు వచ్చి ఫ్యూజులు పీకేశారు. వైరింగు మళ్లీ చేయించి, అంతా క్షేమమని నెలాఖరులోగా ఒకరు సంతకం పెట్టాలి. లేకపోతే ఉపకేంద్రాన్ని రోడ్డు మీదున్న వేరే ఊరికి తరలించేస్తారు. ఆ సంతకం పెట్టాల్సిన మనిషిని నేను. ఊరి పేరు మాత్రం రాయను. నర్సు రాయొద్దని ఒట్టు వేయించుకుంది, ఎందుకో మీకే తెలుస్తుంది.

పలాసలో ఉప్మా

తెల్లవారాక రైలు దిగాను. స్టేషను బయట హోటల్లో జీడిపప్పు ఉప్మా అడిగాను. మా ఊళ్లో అయితే ఉప్మాలో జీడిపప్పు వెతుక్కోవాలి. ఇక్కడ జీడిపప్పులో ఉప్మా వెతుక్కున్నాను. మా ఊళ్లో మంచి కాఫీ కప్పుకి ఇచ్చే డబ్బులకి ప్లేటు నిండా పెట్టాడు మహానుభావుడు. పైగా, "సాలదేటమ్మా, ఇంకొంచెం ఎయ్యమంటావా?" అని గరిటె పట్టుకుని నిలబడ్డాడు. వద్దంటే చిన్నబుచ్చుకున్నాడు.

పగలంతా ఖాళీ కాబట్టి కాశీబుగ్గ వైపు ఒక జీడిపప్పు కార్ఖానా చూడ్డానికి వెళ్లాను. కాల్చిన జీడిపిక్కల వాసన వీధి మొదట్లోనే ముక్కుకి తగులుతుంది. లోపల ఆడవాళ్లు వరసగా కూర్చుని పిక్కలు కొడుతున్నారు. జీడిరసానికి వాళ్ల చేతులు నల్లగా మాడినట్టున్నాయి. నేను ఏ ఊరెళ్లినా ముందు పైకప్పు చూస్తాను, వైర్లు ఎలా లాగారో చూడందే కాలు నిలవదు. అలా తలెత్తి చూస్తుంటే ఒకామె చెయ్యి ఆపింది.

"ఏటమ్మా, అలగ పైకి సూత్తన్నావు? బల్లుందేటి?"

"బల్లి కాదమ్మా, వైర్లు చూస్తున్నాను."

"వైర్లు సూడ్డానికి రాజమండ్రి నుంచొచ్చినావా? ఓలమ్మో!"

షెడ్డంతా నవ్వులే నవ్వులు. ఆ నవ్వులోనే గుప్పెడు పప్పు నా చేతిలో పోసింది. చేతులు మండవా అని అడిగితే, "మండీది మొదట్లోనేనమ్మా. ఇప్పుడు సేతులకే అలవాటైపోనాది" అంది. నా చేతులు చూసుకున్నాను. ఇన్నేళ్లు స్క్రూడ్రైవరు పట్టినా మెత్తగానే ఉన్నాయి. కొంచెం సిగ్గేసింది, అయినా పప్పు తినడం ఆపలేదు.

ఉద్దానం: ఏ నీళ్లు?

మర్నాడు తవిటయ్య వ్యానుతో వచ్చాడు. తవిటయ్య టెక్కలి మేస్త్రీ. నేను రాజమండ్రిలో కూర్చుని గీసి పంపిన ప్లాను ప్రకారం బంగళాలో వైరింగు మార్చింది ఇతనే. నెల రోజులు ఫోన్లో కేకలేసుకున్నాం గానీ మొహాలు చూసుకోవడం అదే మొదలు. దారిలో కనబడిన ప్రతి మగాడూ అతనికి బావే. ఏమడిగినా "సూద్దాం మేడమ్" అంటాడు. సూద్దాం అంటే కుదరదని అర్థమని నాకు తెలియడానికి ఒక పూట పట్టింది.

తిన్నగా టెక్కలి పోకుండా ఉద్దానం చూపించమన్నాను. ఎంత పచ్చదనమని! కొబ్బరి, దాని నీడన జీడిమామిడి, మధ్యమధ్య పనస. మా కోనసీమే గొప్పని ఇన్నాళ్లు విర్రవీగాను. ఇక్కడ తోటలోంచి తోటలోకి దారి, ఇసక నేల, సముద్రపు గాలి. రోడ్డు పక్కన ఒక ముసలామె జీడిమామిడి పళ్లు పోగులుగా పెట్టింది. ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. తవిటయ్య వద్దంటున్నా వినకుండా కొరికాను. రసం కాస్తా చీర మీద పడింది, గొంతు గీరుకుపోయింది. ముసలామె నన్ను చూసి, "ఉప్పద్దుకుని తినాల తల్లీ, పట్నం మడిసివి, నీకేటి తెలుత్తాది" అంది. ఆ మరక ఇంకా నా చీర మీదే ఉంది.

గొంతు తడుపుకుందామని ఆ పక్క ఇంట్లో మంచినీళ్లు అడిగాను. ఆ ఇంటి కోడలు వెంటనే ఇవ్వలేదు. "ఏ నీల్లు తాగుతారు?" అని అడిగింది. అరుగు మీద రెండు బిందెలున్నాయి, ఒకటి బోరు నీళ్లది, ఒకటి కొని తెచ్చిన క్యాన్ నీళ్లది. మా వైపు అతిథికి నీళ్లిచ్చేటప్పుడు ఇలాంటి ప్రశ్న ఉండదు. ఈ పల్లెల్లో కిడ్నీ జబ్బు చాలా ఇళ్లలో ఉంది. కారణం నీళ్లేనని కొందరు, కాదని కొందరు, తేల్చి చెప్పినవాళ్లు లేరు. తేలేదాకా ఇంటికి రెండు బిందెలు. క్యాన్ నీళ్లు గ్లాసు నిండా ఇచ్చి, "మా మావగారు పోయిన కాడినుంచి ఇవే కొంటన్నాం" అంది మామూలుగా. ఆ పచ్చటి తోటలో కూర్చుని ఆ మాట వినడం నాకు చాలా కష్టమనిపించింది.

రావివలస: కప్పు లేని దేవుడు

టెక్కలిలో రాత్రి పడుకుని, పొద్దున్నే రావివలస వెళ్లాం. ఎండల మల్లికార్జునుడంటే నిజంగా ఎండలోనే ఉంటాడు. అంత పెద్ద లింగం, పైన కప్పు లేదు. ఎండైనా వానైనా ఆయనకి ఒకటే. నా అలవాటు కొద్దీ తలెత్తి చూశాను, ఆకాశం కనబడింది. నా పక్కన కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డ పెద్దాయన, "కప్పెడితే ఆయనకి నచ్చదమ్మా" అన్నాడు. "ఇలాంటి దేవుడే నాకూ కావాలి తాతా. వైరింగు పనే లేదు" అన్నాను. ఆయన నవ్వలేదు. తవిటయ్య మాత్రం పక్కకి తిరిగి నవ్వుకున్నాడు.

ఉప్పు బంగళా

భావనపాడు దాటాక గాలి మారిపోయింది. ఇసకలో ఎండబెట్టిన నెత్తళ్ల చేపల వాసన, వలలు బాగుచేసుకుంటున్న మగవాళ్లు, గంపలు మోసుకుపోతున్న ఆడవాళ్లు. ఊరి చివర బంగళా. సున్నపు గోడలు, టేకు దూలాల మీద ఇటుకలు పేర్చిన మద్రాసు మిద్దె, చుట్టూ వరండా. చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. తవిటయ్య ఎక్కడా గోడ చెక్కలేదు. పాత చెక్క పట్టీలు ఉన్నచోటే కొత్త పట్టీలు వేసి, పాత మరల కన్నాల్లోనే మరలు బిగించి, వైర్లన్నీ దూలాల చాటున దాచాడు. పాతకాలం గుండ్రటి పింగాణీ స్విచ్చుల్ని కూడా అలాగే ఉంచి, కొత్తవాటిని తలుపు వెనక్కి పెట్టాడు. "బాగా చేశావయ్యా" అంటే, "సూద్దాం మేడమ్, మీ మిషనేటంటాదో" అన్నాడు.

నర్సు అప్పలనరసమ్మ మనిషి చిన్నది, గొంతు పెద్దది. ముందు మేడమ్ గారూ అంది, ఎండు నెత్తళ్లు వంకాయ వేసి వండిన కూర నేను మారు అడిగేసరికి అప్పా అనేసింది. అక్కడ అప్పంటే అక్క. భోజనమయ్యాక ఒక థర్మోకోల్ పెట్టె చూపించింది. చేపలు ఎగుమతి చేసే పెట్టె. లోపల ఐసు ముక్కల మధ్య చిన్న చిన్న ఇంజక్షన్ సీసాలు, ఒక్కోదానికీ అంటించిన టేపు మీద పెన్నుతో పేర్లు.

"కిడ్నీ పేషెంట్లవప్పా. రక్తం పట్టడానికి ఏసే ఇంజక్షన్లు. సల్లగా ఉండాల. ఫ్రిజ్జు ఆగిపోయినకాడినుంచి ఇలగ సేపల ఐసులో దాత్తన్నాను. సెంటరు ఎత్తీసినారంటే ఈలందరూ ఇంజక్షనుకి ఆటోలు కట్టుకుని పోవాల. నిలబడ్డానికే ఓపిక లేనోలు, ఏటి పోతారు?"

సరే, పరీక్షలు మొదలుపెట్టాం. వైర్లన్నీ బాగున్నాయి. మిగిలింది ఎర్త్. తెలియనివాళ్ల కోసం చెబుతాను. వైరులోంచి తప్పించుకున్న కరెంటు మనిషి ఒంట్లోంచి కాకుండా నేలలోకి పోవడానికి వేసే దారి అది. నేల తడిగా ఉంటేనే ఆ దారి పనిచేస్తుంది. అందుకే గొయ్యి తవ్వి, ఇనప గొట్టం దింపి, చుట్టూ ఉప్పూ బొగ్గూ వేసి, గొట్టం మూతిలోంచి నీళ్లు పోస్తూ ఉండాలి. ప్రతిచోటా ఈ మాట చెప్పి వస్తాను. ఒక్కడు పోస్తే ఒట్టు.

తవిటయ్య బంగళా వెనక ముందే కొత్త గొయ్యి తీసి ఉంచాడు. మీటరు పెడితే ముల్లు పైకెక్కడికో పోయి కూర్చుంది. అది ఎంత తక్కువ చూపిస్తే ఎర్త్ అంత మంచిది. వట్టి ఇసక, దానికి తడి నిలవదు. ఇంకా లోతుకి దిగాలంటే ఆ ఆవరణలో తవ్వడానికి మళ్లీ అనుమతి కావాలి. అది వచ్చేసరికి దసరా వస్తుంది. నర్సు మొహం మాడిపోయింది. నాకు ఒళ్లు మండింది. "మరి పాత ఎర్త్ గొయ్యి ఎక్కడయ్యా? అది ఎందుకు చూడలేదు?" అన్నాను.

"సూద్దాం మేడమ్" అన్నాడు తవిటయ్య, సముద్రం వైపు చూస్తూ.

అమ్మవారు

ప్రహరీ పక్కన వేపచెట్టు కింద సగం పూడిన సిమెంటు వర ఒకటి ఉంది. దాని చుట్టూ ఎర్రంచు చీర ముక్క, పసుపు, కుంకుమ, నిమ్మకాయ. వచ్చేటప్పుడే చూసి దండం పెట్టుకున్నాను. ఎవరమ్మా అని అడిగితే నర్సు చెప్పిన పేరు నాకు ఎర్నమ్మ అని వినబడింది. ఆ వైపు ఎర్నమ్మలు చాలామంది ఉన్నారు కదా అనుకున్నాను. ఇప్పుడు దగ్గరికెళ్లి చూస్తే, కుంకుమ గడ్డకట్టిన ఆ నిలువుబొట్టు వెనక ఇనప గొట్టం మూతి కనబడింది.

"ఎర్నమ్మ కాదప్పా, ఎర్తమ్మ" అంది నర్సు నెమ్మదిగా.

నవ్వకుండా ఉండాల్సింది. పకపకా నవ్వేశాను. వెనకనుంచి, "ఎవులే అది, అమ్మకాడ నవ్వుతన్నాది?" అని కేక వినబడింది. నడుం మీద బిందెతో ఒక పెద్దామె. పేరు గురమ్మ. ఆమె కళ్లు చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. పాత గొట్టానికి మీటరు తగిలించాలని నర్సు ఆమెకి నచ్చచెబుతుంటే, నేను తగ్గి అడిగాను, ఈ అమ్మవారు ఎలా వెలిసిందని.

"ఎప్పుడో కరెంటాయనొచ్చి గొయ్యి తీసి గొట్టం దించినాడు. ఇది ఎర్తు, దీనికి రోజూ నీల్లు పొయ్యాల, తప్పితే పేనాలు పోతాయని సెప్పీసి ఎల్లిపోనాడు. అంత మాట సెప్పినాక, అమ్మోరు కాకపోతే మరేటి?"

నర్సుకి షాక్ ఎందుకు కొట్టిందో కూడా గురమ్మకి తెలుసు. ఆ రోజు ఎవరో అక్కడ చేపలు కడిగారట, అమ్మకి కోపం వచ్చిందట. నేను వంగి చూశాను. గొట్టం నుంచి బంగళాకి వెళ్లే తీగ ఉప్పుగాలికి తుప్పు పట్టి తెగిపోయి ఉంది. "కోపం కాదమ్మా, ఇదిగో, ఈ తీగ తెగిపోయింది" అన్నాను.

"అదేనే నానంటన్నాను! అమ్మకీ ఇంటికీ బందం తెగిపోనాది."

నా మాటే ఆమె నాకు తిరిగి చెప్పింది.

కొత్త తీగ వెయ్యాలంటే గొట్టం మీద పేరుకున్న కుంకుమ గీకాలి. పరాయివాళ్లు చెయ్యి వెయ్యడానికి వీల్లేదు. ఆ మధ్యాహ్నం ఊరి ఆడవాళ్లు వేపరెమ్మలు వేసిన పసుపునీళ్ల కుండలతో వచ్చారు. అక్కడ వాటిని ముర్రాటలంటారు, అమ్మవారిని చల్లబరచడానికి పోస్తారు. ఒక్కొక్కరే పోశాక గురమ్మే కొబ్బరిపీచుతో తోమింది. తవిటయ్య చెప్పులు విడిచి, తలకి తువ్వాలు తీసేసి, రాగితీగ బిగించాడు. మీటరు పెట్టాను. దివ్యంగా ఉంది. నర్సు చప్పట్లు కొట్టింది.

నేను కొట్టలేదు. ఊరి ఆడవాళ్లంతా కుండలకొద్దీ నీళ్లు పోశాక ఏ గొయ్యి అయినా బాగానే చూపిస్తుంది. సంతకం పెట్టేది నేను. రేపు ఫ్రిజ్ ముట్టుకునేది వాళ్లు. "మూడు రోజులు నీళ్లు పొయ్యకుండా ఆపండి. ఎండినప్పుడు ఎంత చూపిస్తుందో చూస్తాను" అన్నాను.

గురమ్మ మొహం ఎర్రబడింది. "మూడు రోజులా? నా కొడుకుని సంపీమంటావేటి?" అని బిందె కింద పెట్టేసి విసవిసా వెళ్లిపోయింది.

నర్సు నన్ను వరండాలో కూర్చోబెట్టింది. గురమ్మ కొడుకు పలాస ఆసుపత్రికి డయాలసిస్‌కి వెళ్తాడు. ఆ పెట్టెలో మొదటి సీసా అతనిదే. జబ్బు బయటపడ్డ రోజు నుంచి గురమ్మ ఎర్తమ్మకి నీళ్లు తప్పించలేదు. తుఫానులో కూడా గొడుగేసుకుని వచ్చి పోసిందట, వానలో తడుస్తున్న గొయ్యికి!

"నాకు తెల్దేటప్పా అది ఎర్తింగని? నానూ సదువుకున్నాను" అంది నర్సు. "అమ్మోరు కాదని సెప్పీసినామనుకో, నీల్లు పొయ్యడం మానీస్తారు. ఆ పేరెట్టకముందు అక్కడ సెత్త పోసీవోరు. నువ్వు రాత్తే గానీ ఊరి పేరెయ్యకు. ఎవులో పెద్దమడిసొచ్చి మూఢనమ్మకమని పీకించీగల్రు."

సాయంత్రమంతా సముద్రం వైపు చూస్తూ కూర్చున్నాను. ఎర్త్‌ని ఎప్పుడూ అధ్వాన్న స్థితిలో పరీక్షించాలని ఎంతమంది పిల్లలకి చెప్పానో! చెప్పింది తప్పు కాదు. మరి ఈ గొయ్యికి అధ్వాన్న స్థితి ఏది? మూడు రోజుల ఎండు కాదు, అలాంటి రోజు దీనికి రాలేదు. రాత్రంతా ఆరి, పొద్దున గురమ్మ బిందె రావడానికి ముందు క్షణం, అదీ దీని అధ్వాన్న స్థితి. దానికి తోడు, ఎర్త్ కాస్త బలహీనపడినా కరెంటుని టక్కున ఆపేసే ట్రిప్పరు ఎలాగూ బిగించాం. ఆ మాట తవిటయ్యకి చెబితే మొదటిసారి, "సూద్దాం" అనకుండా, "అవును మేడమ్" అన్నాడు.

పొద్దున

ముర్రాటల నీళ్లు ఇంకిపోయి, రోజూ పోసే బిందె తడే మిగలాలని మధ్యలో ఒక రోజు ఆగాను. ఆ మర్నాడు తెల్లవారేసరికి గొయ్యి దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాను. మీటరు కడ్డీలు ఇసకలో దిగ్గొట్టాం. గురమ్మ నిండు బిందెతో వచ్చి నా నెత్తిన నిలబడింది. బిందెలోంచి నీళ్లు తొణికి నా వీపు మీద పడుతున్నాయి.

"అమ్మా, నీళ్లు తప్పించమనను. నేను చూసేదాకా ఆగు, చాలు" అన్నాను.

"బేగి సూడు."

మీటరు నొక్కాను. ముల్లు కదిలింది, ఆగింది. మొన్నటికంటే కాస్త ఎక్కువ, ఉండాల్సిన దానికంటే చాలా తక్కువ. రెండోసారి చూశాను. తవిటయ్యని చూడమన్నాను. అప్పుడు గురమ్మ వైపు తలెత్తి, "పోసెయ్యమ్మా" అన్నాను.

ఆమె నీళ్లు పోసింది. గొట్టం గుటకలు వేస్తూ తాగింది.

లోపలికెళ్లి ఫ్యూజులు పెట్టి మెయిన్ వేశాం. వరండాలో లైట్లు, గదుల్లో ఫ్యాన్లు. మూల ఉన్న ఫ్రిజ్ ఒక్కసారి ఒళ్లు విదిలించుకుని గురగురమంది. అప్పటికే పదిమంది పోగయ్యారు. ఎవరూ దాని దగ్గరికి రావడం లేదు. అప్పలనరసమ్మ అంతటి మనిషి చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది. "టెస్టర్ పెట్టి చూశాను తల్లీ, ఏమీ లేదు, ముట్టుకో" అంటే, "ముట్టుకుంటానప్పా, ముట్టుకుంటాను" అంటోంది గానీ అడుగు పడటం లేదు.

జనాన్ని తోసుకుని గురమ్మ వచ్చింది. తిన్నగా చేపల పెట్టె దగ్గరికెళ్లి, ఐసులో చెయ్యి పెట్టి, కొడుకు పేరున్న సీసా తీసింది. మోచేతుల దాకా నీళ్లు కారుతున్నాయి. అలాగే ఫ్రిజ్ వైపు నడిచింది.

"గురమ్మా! చేతులు తుడుచుకో!" అని అరిచాను. నా మీటరు మీద నాకున్న నమ్మకం ఆ పాటిదన్నమాట.

ఆమె వినలేదు. తడి చేతులతో తలుపు తీసి, సీసా లోపల పెట్టి, తలుపు మూసి, రెండు అరచేతులూ దాని మీద ఆనించింది. ఆమె చేతులు తియ్యకుండానే నా వైపు తిరిగింది.

"సల్లగా ఉందే తల్లీ."

నేనూ వెళ్లి ఆమె చేతుల పక్కన నా చెయ్యి పెట్టాను. తర్వాత నర్సు పెట్టింది. ఆ తర్వాత వచ్చి కూర్చుని సంతకం పెట్టాను.